జ్యూసర్ లేకుండా ఇంట్లో గ్రీన్ జ్యూస్: మొదటిసారి చేసేవాళ్ళకి

గ్రీన్ జ్యూస్ అనగానే చాలామంది పాలకూర కట్ట మొత్తం మిక్సీలో వేసేస్తారు, ఆ పచ్చివాసనకి రెండో గుక్క దిగదు, మర్నాటి నుంచి ఆ ఊసే ఎత్తరు. అందుకే ముందే చెప్తున్నాను, గ్లాసులో ఎక్కువ భాగం నీరున్న కాయ ఉండాలి, ఆకు రంగుకీ వాసనకీ సరిపడా ఉంటే చాలు.

కీరాతో మొదలుపెట్టండి. ఒక మనిషికి ఒక పెద్ద కీరా, గుప్పెడు పుదీనా ఆకులు, అందులో సగం కొత్తిమీర, అర అంగుళం అల్లం, అర చెక్క నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి. ఇంతే, పంచదార అక్కర్లేదు. కీరా చివర్లు కోసి ఒక ముక్క నమిలి చూడండి, చేదుగా ఉంటే ఇంకోటి తీసుకోండి.

ఆకులు పచ్చిగా తాగబోతున్నాం కాబట్టి కడగడంలో తొందర పనికిరాదు. వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్ళు పోసి ఆకుల్ని ముంచి కదిపి, చేత్తో పైకి తీయాలి. గిన్నె వంచేస్తే అడుగున చేరిన మట్టి మళ్ళీ ఆకుల మీదికే వస్తుంది. నీళ్ళు అడుగున తేటగా కనిపించేదాకా మార్చి మార్చి కడగండి.

మిక్సీలో ముందు అల్లం, ఆకులు, కొన్ని కీరా ముక్కలు, పావు గ్లాసు చల్లటి నీళ్ళు వేసి తిప్పి, అవి మెత్తబడ్డాక మిగతా కీరా వేయండి. ఒకేసారి ఎక్కువసేపు తిప్పితే వేడెక్కుతుంది, నురగ కడుతుంది, ఆగి ఆగి తిప్పండి. నిమ్మరసం చివర్లో. తాగడం కష్టంగా ఉంటే కొన్నాళ్ళు టీ జాలీలో వడకట్టుకోండి, అలవాటయ్యాక వడకట్టడం మానేయండి, ఎందుకంటే పీచంతా ఆ పిప్పిలోనే పోతుంది. మిగిలిన పిప్పిని చపాతీ పిండిలోనో అట్ల పిండిలోనో కలిపేయొచ్చు. చేసిన వెంటనే తాగేయాలి, నిలవ ఉంచితే రంగూ రుచీ మారతాయి, సి విటమిన్ తగ్గుతుంది.

కీరా అలవాటయ్యాక సొరకాయ (మన దగ్గర కొన్నిచోట్ల ఆనపకాయ అంటారు) వాడొచ్చు, కానీ ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. గోరు గుచ్చితే దిగేంత లేత కాయ తెచ్చి, తొక్క తీసి, మిక్సీలో వేసేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. కొంచెం చేదు తగిలినా ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటసిన్లు అనే విషపదార్థాల వల్ల వస్తుంది, వండినా పోదు. నిమ్మరసమో తేనో కలిపి, ఆరోగ్యానికి మంచిదే కదా అని గుటకేస్తే రక్తపు వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది, మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. చేదు జ్యూస్ తాగాక కడుపులో తేడా చేస్తే ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కాకరకాయకి చేదు సహజం, అది వేరే సంగతి, అయినా షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఆ జ్యూస్ మొదలుపెట్టొద్దు.

కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు పచ్చి పాలకూర జ్యూస్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది, అందులో రాళ్ళు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళూ, రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్ళూ ఆకుకూరల జ్యూస్ ఏదైనా సరే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఉసిరికాయలు దొరికే రోజుల్లో నిమ్మకాయ బదులు ఒక ఉసిరికాయ గింజ తీసి వేసి చూడండి. కాస్త వగరు తగులుతుంది, జీలకర్ర పొడి ఇంకొంచెం వేసుకుంటే సర్దుకుంటుంది.