పరీక్ష ముందు రాత్రి సెకండ్ షోకు పిలిస్తే

నల్గొండలో రూం తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకోసమే.

• హాల్‌టికెట్, ఆధార్, పెన్నులు సాయంత్రమే సంచిలో సర్దేయండి.

• దోస్తులకు పొద్దున్నే చెప్పండి: "రేపు పరీక్షయినంక టికెట్లు నేనే తీస్త, ఈ రాత్రికి మాత్రం పిలువొద్దు." అసలు కష్టమంతా ఇక్కడే. తొమ్మిదింటికి కింద బండి ఆగుతుంది, హారన్ రెండుసార్లు మోగుతుంది, "ఒక్క సినిమానే కదరా, దా" అంటారు. మెట్లు దిగారంటే ఇక అయిపోయినట్టే. కిటికీలోంచే చెయ్యూపండి. నేను ఓసారి దిగాను. ఆట విడిచేసరికి ఒంటిగంట, క్లాక్ టవర్ దగ్గర ముచ్చట్లు పెట్టి పడుకునేసరికి రెండు. తెల్లారి హాల్లో చదివిన ప్రశ్నే కనబడింది, జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కంటినిండా నిద్రపోతేనే చదివింది బుర్రలో కుదురుకుంటుంది.

• ఫోన్‌లో టికెట్ల యాప్ తీసేయండి. ట్రైలర్లు కూడా వద్దు.

• అలారాలు రెండు పెట్టండి, ఒకటి మంచానికి దూరంగా. 2024 జూన్ 9న గ్రూప్-1 ప్రిలిమ్స్ 10.30కు మొదలైతే, గేట్లు 10 గంటలకే మూసేశారు. సెంటర్ వేరే ఊళ్లో పడితే బస్సు టైం ముందురోజే కనుక్కోండి.