నాట్లకు దిగేముందు కాళ్ళు ఒకసారి చూసుకోండి

తొలకరి పడింది. ఇంకో రెండు మూడు వారాల్లో నాట్లు మొదలవుతాయి, పొద్దున దిగినవాళ్ళు సాయంత్రం దాకా బురదలోనే ఉంటారు, ఆ బురదలో తుమ్మముల్లు ఉంటుంది, గాజుపెంకు ఉంటుంది, ఎలుకల ఉచ్చ కూడా ఉంటుంది. ఇంట్లో చదవలేని పెద్దవాళ్ళుంటే ఇది చదివి వినిపించండి.

మడమల పగుళ్ళు, వేళ్ళ సందుల్లో నాని తెల్లబడి చిట్లిన చర్మం, గోకి గోకి పుండైన చోటు, ఇవన్నీ ఈ వారమే చూసుకుని మందు రాసుకోండి, క్రిములు లోపలికి దూరేది వీటిలోంచే. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. మట్టి అంటిన గాయమైతే, అది వేయించుకుని ఐదేళ్ళు దాటినవాళ్ళు మళ్ళీ వేయించుకోవాలి.

ముల్లు దిగినా, కొడవలి తెగినా పని ఆపి గట్టెక్కండి. మంచినీళ్ళు ధారగా పోస్తూ సబ్బుతో ఐదు నిమిషాలు కడగండి. నీళ్ళు తగిలితే చీము పడుతుందని మనూళ్ళల్లో గట్టిగా నమ్ముతారు, కానీ కడగకుండా లోపల వదిలేసిన మట్టి వల్లే చీము పడుతుంది. కాఫీ పొడి, సున్నం, కిరోసిన్, పేడ ఏదీ పెట్టొద్దు. లోతుగా దిగిన ముల్లును పిన్నీసుతో కెలకొద్దు. పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెడతారు చూడండి, అది కూడా నిజం కాదు, పుండు మానాలంటే పప్పూ గుడ్డూ తినాల్సిందే.

మొదటి రెండు రోజులు చుట్టూ కొంచెం ఎర్రబడడం, వాయడం, పల్చటి నీరు కారడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. ఆ తర్వాత రోజురోజుకీ తగ్గుతోందా పెరుగుతోందా అన్నది చూడండి. మూడో రోజుకి తగ్గాల్సిన నొప్పి సలుపుగా మారి రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి.

పోయినేడాది మా పెద్దమ్మకి అరికాల్లో ముల్లు దిగింది. చీము లేదు కదా, కాస్త వాచిందిలే అంది, మేమూ సరే అనుకున్నాం. ఆమెది చామనఛాయ, ఎరుపు కనిపించలేదు, కానీ పాదం పైన చర్మం బిగుసుకుని నున్నగా మెరుస్తోంది, అరచెయ్యి తిప్పి వెనక వైపు ఆనిస్తే రెండో కాలి కంటే బాగా వేడిగా ఉంది. వాపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన టైం రాశాను. తెల్లారేసరికి వాపు ఆ గీత దాటి రెండు వేళ్ళ మేర పైకి పాకింది, గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఆసుపత్రిలో సెల్యులైటిస్ అన్నారు, అంటే ఇన్ఫెక్షన్ చర్మం కింద పాకిపోతోందన్నమాట. చీము కనిపించకపోయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది. మీరూ అలా గీత గీసి చూడండి, డాక్టరుకు కూడా అది పనికొస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళు ఇలా మూడో రోజు దాకా ఆగకూడదు. వాళ్ళకి చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, ముల్లు దిగినా నొప్పి తెలియదు. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి, చిన్న గాయమైనా ఆ రోజే చూపించుకోవాలి. మెడికల్ షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుని ఆపేయడం ఎవరికీ మంచిది కాదు.

గాయం నుంచి పైకి ఎర్రటి చార పాకినా, చలిజ్వరం వచ్చినా, పైకి చిన్నగా ఉన్న గాయం భరించలేనంత నొప్పి పెట్టినా, చర్మం నల్లబడి నీటిపొక్కులు లేచినా, ఆయాసం, మగత కమ్మినా, దవడ బిగుసుకున్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

గాయం మానిపోయాక, వారం పది రోజులకి జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పులు, కళ్ళు ఎర్రబడడం ఉంటే అది ఎలుకల ఉచ్చ కలిసిన బురద వల్ల వచ్చే ఎలుక జ్వరం కావచ్చు. బురదలో నాట్లు వేశామని డాక్టరు అడగకముందే చెప్పండి.