స్పెయిన్ పైకప్పుల మీది ఎనిమిది కోణాల నక్షత్ర అల్లికను గీయడం ఎలా?

స్పెయిన్‌లో గ్రనాడాలోని అల్హంబ్రా కోట గోడపలకల మీదా, సెవిల్‌లోని అల్కాసర్ రాజభవనంలోనూ కనిపించే ఎనిమిది కోణాల నక్షత్రాన్ని ఇప్పుడు చాలామంది గీస్తున్నారు. నక్షత్రం ఆకారం అందరికీ కుదురుతోంది గానీ, దానిని పక్క నక్షత్రాలతో కట్టి ఉంచే అల్లిక ఎక్కువమందికి కుదరడం లేదు. పట్టీలు దాటుకునే ఒక కూడలిలో పైనుంచి వెళ్లిన పట్టీ తరువాతి కూడలిలోనూ పైనుంచే వెళ్లడం వల్ల, ఎంతో ఓపికతో గీసిన బొమ్మ పోగులు తప్పిన నేతలా మిగులుతోంది. ఇదే అల్లికను చెక్క పైకప్పుల మీద కట్టిన స్పెయిన్ వడ్రంగులు ఈ పనికి పెట్టుకున్న పేరు ‘లాసో’. ఆ మాటకు ముడి అనే అర్థం ఉంది. కాబట్టి ముడి పడని బొమ్మను, ఎంత అందంగా రంగులు వేసినా, నేను లాసోగా అంగీకరించను.

పరికరాలు కొద్దిగానే కావాలి. వృత్తలేఖిని, లోహపు స్కేలు, గట్టి పెన్సిల్, మెత్తటి రబ్బరు, నల్ల సిరా పెన్ను, ఏ4 కాగితం సరిపోతాయి. కోణమానిని పక్కన పెట్టండి. ఈ పనిలో కోణాన్ని కొలవవలసిన సందర్భమే రాదు, కొలిచినచోటల్లా పొరపాటు చేరుతుంది.

మొదట కాగితం మీద 6 సెంటీమీటర్ల భుజంతో గళ్లు గీయండి. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు, మొత్తం పన్నెండు గళ్లు పడతాయి. ప్రతి గడికీ రెండు కర్ణాలు గీసి, అవి కలిసేచోట వృత్తలేఖిని ముల్లు పెట్టి, 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. వృత్తం గడి భుజాలను నాలుగు చోట్ల తాకుతుంది, కర్ణాలను మరో నాలుగు చోట్ల ఖండిస్తుంది. తాకిన నాలుగు బిందువులను కలిపితే ఏటవాలు చదరం, ఖండించిన నాలుగింటిని కలిపితే నిటారు చదరం వస్తాయి. ఆ రెండూ కలిస్తేనే నక్షత్రం. పన్నెండు గళ్లలోనూ ఇదే చేస్తే, నక్షత్రాలు మొనలతో ఒకదానినొకటి తాకుతాయి, వాటి మధ్య ఖాళీల్లో శిలువ ఆకారాలు వాటంతటవే ఏర్పడతాయి.

తయారైన బొమ్మను పలచటి కాగితం మీదికి ఎత్తి రాసుకుంటే సరిపోదా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: సరిపోదు. ఎత్తి రాసినవారికి రూపం దక్కుతుంది, కట్టే పద్ధతి దక్కదు. ఐరోపాకు ఇస్లామిక్ అలంకారం రెండు దారుల్లోనూ చేరింది. ఇటలీ చిత్రకారుడు జెంటీలే దా ఫాబ్రియానో 1423లో చిత్రించిన ‘మాగీల ఆరాధన’లో (శిశువైన యేసును తూర్పుదేశపు జ్ఞానులు దర్శించుకునే చిత్రం) పవిత్ర మూర్తుల శిరస్సుల వెనుక ఉన్న బంగారు కాంతివలయాల్లో అరబిక్ లిపిని పోలిన గీతలు ఉన్నాయి. లిపి అందం మీది గౌరవంతో వేసినవే అయినా, వాటిలో చదవడానికి మాటలు లేవు. సెవిల్‌లో జరిగింది వేరు. 1364లో క్రైస్తవ రాజు పేద్రో అక్కడ రాజభవనం కట్టించడం మొదలుపెట్టినప్పుడు గ్రనాడా నుంచి వచ్చిన పనివారు అందులో పనిచేశారు. భవనం ముఖద్వారం మీది నీలం, తెలుపు పలకల్లో ‘అల్లా తప్ప విజేత లేడు’ అనే నినాదాన్ని, గ్రనాడాను ఏలిన ముస్లిం రాజవంశమైన నస్రీలది, ఈనాటికీ అరబిక్‌లో చదవవచ్చు. అక్కడికి చేరింది రూపం ఒక్కటే కాదు, చేతిపని కూడా. 1492లో గ్రనాడా రాజ్యం పడిపోయాక కూడా ఆ చేతిపని నిలిచింది. దియేగో లోపెజ్ దె అరేనాస్ అనే వడ్రంగి 1633లో సెవిల్‌లో అచ్చువేయించిన గ్రంథంలో ఇలాంటి పైకప్పులను మూలమట్టాలతో ఎలా కట్టాలో వివరించాడు. మనం వెళ్లవలసిన దారి అది.

తరువాత పట్టీలు. చదరాల ప్రతి గీతకూ రెండు వైపులా 1.5 మిల్లీమీటర్ల దూరంలో సమాంతర రేఖలు గీయండి. దీనితో 3 మిల్లీమీటర్ల పట్టీ వస్తుంది. వెడల్పాటి పట్టీలు నిండుగా ఉంటాయని కొందరు అంటారు గానీ, 7 మిల్లీమీటర్లకు చేరితే నక్షత్రం మొనల్లోని త్రిభుజాలు దాదాపుగా మూసుకుపోతాయి. 3 మిల్లీమీటర్లే సరైనది.

ఇప్పుడు అసలు కష్టమైన దశకు వచ్చాం. ఇక్కడ తొందరపడవద్దు. మీ చేతిలో ఉన్న రబ్బరును కాసేపు అందనంత దూరంలో పెట్టండి.

రెండు పట్టీలు దాటుకునే ప్రతిచోటా ఒకటి పైన, ఒకటి కింద ఉండాలి. ఏ పట్టీ వెంట నడిచినా పైన, కింద, పైన, కింద అనే వరస ఎక్కడా తప్పకూడదు. మన మెలిక ముగ్గుల్లో చేయి తిరిగినవారికి చుక్కల చుట్టూ గీతను నడిపించే నేర్పు ముందే ఉంటుంది, అది ఇక్కడ ఎంతో అక్కరకు వస్తుంది. అయితే ముగ్గులో గీతలు ఒకదానినొకటి దాటిపోతాయే తప్ప ఏది పైన, ఏది కింద అనే ప్రశ్న రాదు. ఇక్కడ పనంతా ఆ ప్రశ్న మీదే నిలుస్తుంది.

ఎడమవైపు పైమూల నక్షత్రంలోని నిటారు చదరంతో మొదలుపెట్టండి. దాని ప్రతి భుజాన్నీ ఏటవాలు పట్టీలు రెండు చోట్ల దాటుతాయి. గడియారం ముల్లు తిరిగే దిశలో, పైభుజం ఎడమ కొస నుంచి బయలుదేరి, చదరం చుట్టూ పెన్సిల్ మొనను నడపండి. ప్రతి భుజం మీద మొదట ఎదురయ్యే కూడలిలో నిటారు చదరపు పట్టీ పైన ఉండాలి, రెండో కూడలిలో అది కిందికి పోవాలి. ఏ పట్టీ పైన ఉందో దాని మీద సన్నని చుక్క పెట్టండి, అంతకుమించి ఏమీ చేయవద్దు. ఇదే నియమాన్ని పన్నెండు నక్షత్రాలకూ పాటించండి.

ఆ తరువాత నక్షత్రాలు తాకే చోట్లు చూడండి. ఏటవాలు పట్టీలు మొన దగ్గర ఆగవు, సూటిగా పక్క నక్షత్రంలోకి సాగిపోతాయి. పక్కపక్కన ఉన్న నక్షత్రాలు తాకేచోట, ఎడమ పైనుంచి కుడి కిందికి దిగే పట్టీ పైన ఉండాలి. ఒకదాని కింద ఒకటి ఉన్న నక్షత్రాలు తాకేచోట, కుడి పైనుంచి ఎడమ కిందికి దిగే పట్టీ పైన ఉండాలి. గళ్ల బయటి అంచుకు తగిలిన మొనల్లో దాటవలసింది ఏమీ లేదు కనుక పట్టీని మూల తిప్పి వెనక్కు నడపండి, వరస చెడదు.

మన కాగితం మీద మొత్తం 113 కూడళ్లు ఉన్నాయి. నక్షత్రాల లోపల 96, అవి తాకే చోట్ల 17. చుక్కలు లెక్కపెట్టండి. లెక్క సరిపోయాక ఏదో ఒక ఏటవాలు పట్టీని ఎంచుకుని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ‘పైన, కింద’ అని పైకి చదువుతూ వెళ్లండి. ఒకే మాట వరసగా రెండుసార్లు వస్తే అక్కడ తప్పు ఉన్నట్టే. దాన్ని ఆ ఒక్క కూడలిలోనే దిద్దుదామని చూడకండి, తప్పు పక్కకు జరుగుతుందే తప్ప పోదు. ఆ నక్షత్రాన్ని మొదటి నుంచి మళ్లీ నడిచి చూడండి.

ఈ దశలో అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. మొదట్లో నేనూ చేశాను, దానితో మూడు రోజుల పని పాడైంది. ఒక నక్షత్రాన్ని చక్కగా అల్లి, కాగితం మడిచి, దాని అచ్చును పక్క గడిలోకి దించాను. మడిచినప్పుడు బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఆకారం తిరగబడ్డా తేడా కనిపించదు గానీ అల్లిక తిరగబడితే రెండు నక్షత్రాలు కలిసే కూడలిలో వరస తెగిపోతుంది. నక్షత్రాన్ని పక్కకు జరపవచ్చు, పావు చుట్టు తిప్పవచ్చు. అద్దంలోలా బోర్లించడం మాత్రం ఎన్నటికీ కూడదు.

అన్ని చుక్కలూ సరిచూసుకున్నాకే రబ్బరు పట్టుకోండి. ప్రతి కూడలిలో కింద ఉన్న పట్టీ గీతలను, పై పట్టీ వెడల్పు మేరకే చెరపండి. తరువాత పట్టీల నడిమి గీతలనూ గళ్లనూ కర్ణాలనూ వృత్తాలనూ తుడిచి, మిగిలినవాటి మీద సిరా నడపండి.

రంగుల విషయంలో బ్రిటిష్ వాస్తుశిల్పి ఓవెన్ జోన్స్ మాట చాలామంది ఎత్తుతారు. ఆయన 1834లో ఫ్రెంచి వాస్తుశిల్పి జూల్ గూరీతో కలిసి అల్హంబ్రాను కొలవడం మొదలుపెట్టాడు. గూరీ అక్కడే కలరాతో మరణించినా, జోన్స్ 1837లో తిరిగి వెళ్లి పని పూర్తిచేశాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో గాజుభవనం ఇనుప కట్టడానికి ఎరుపు, పసుపు, నీలం వేయించినది ఆయనే. కానీ అల్హంబ్రాలో ఎరుపు, నీలం, బంగారు రంగులను ఆయన ఎక్కువగా చూసింది సున్నపు చెక్కడాల మీద. మనం రంగులు వేస్తున్నది గోడపలకల తీరులో కనుక పట్టీలను కాగితపు తెలుపుగానే వదిలేయండి. నక్షత్రం నడిమి భాగానికి నలుపు, మొనల త్రిభుజాలకు నీలం, శిలువలకు ఆకుపచ్చ వేయండి. పట్టీ అంచుకు వెంట్రుకవాసి లోపలే కుంచె ఆపండి. రంగు పట్టీలోకి పాకితే ఆ కూడలిలో ఏది పైనో ఏది కిందో మళ్లీ తెలియకుండా పోతుంది.