బ్యాకప్ ఉంది, సిస్టమ్స్ మాత్రం లేవడం లేదు: సమస్య - పరిష్కారం

సమస్య: సర్వర్లు పొడిగానే ఉన్నాయి, కరెంటు మాత్రం రావడం లేదు.
హైదరాబాద్‌లో చాలా బిల్డింగుల్లో ప్యానెల్ బోర్డు, యూపీఎస్ సెల్లార్‌లోనే ఉంటాయి. 2020 అక్టోబర్ వానల్లో సెల్లార్లు ఎలా మునిగాయో చూశాం. సర్వర్ ఐదో అంతస్తులో ఉన్నా లాభం లేదు. యూపీఎస్‌ను పైకి మార్చండి. బ్యాటరీల బరువు స్లాబు ఆపుతుందో లేదో ముందు ఇంజనీరుకు చూపించండి. రెండు కంపెనీల నెట్ తీసుకున్నా, రెండు కేబుళ్లూ ఒకే గుంతలోంచి వస్తే రెండూ తెగడానికి ఒక్క జేసీబీ చాలు.

సమస్య: రిస్టోర్ (బ్యాకప్‌ను వెనక్కి దించడం) మొదలైంది, ఎంతకీ పూర్తి కాదు.
ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. "బ్యాకప్ సక్సెస్" అని రోజూ మెయిల్ వస్తుంది, వెనక్కి దించడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ లెక్కేయరు. క్లౌడ్‌లోని 4 టీబీని 100 ఎంబీపీఎస్ లైన్ మీద దించాలంటే, లైన్ పూర్తి స్పీడులో నడిచినా దాదాపు 89 గంటలు. అదే కాపీ ఆఫీసు నాస్ (నెట్‌వర్క్‌కు కలిపిన స్టోరేజ్ పెట్టె) మీద ఉండి 1 జీబీపీఎస్ నెట్‌వర్క్ ఉంటే దాదాపు 9 గంటలు. డిస్కులు నెమ్మదివైతే ఇంకా ఎక్కువే. అందుకే ఒక కాపీ ఆఫీసులో, ఒకటి ఊరి బయట ఉండాలి. దించేటప్పుడు బిల్లింగ్ డేటాబేస్ ముందు, పాత స్కాన్ ఫైళ్లు చివర. మూడు నెలలకోసారి వేరే మెషీన్ మీద నిజంగా రిస్టోర్ చేసి, గడియారం చూసి టైమ్ రాసుకోండి. యజమానికి చెప్పాల్సింది ఆ అంకెనే.

సమస్య: సర్వర్ లేచింది, లాగిన్ అవడం లేదు.
మొదట టైమ్ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోతే, కరెంటు పోయి వచ్చాక గడియారం వెనక్కి పోతుంది. యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు ఖాతాలన్నీ ఒకేచోట ఉంచే విండోస్ వ్యవస్థ) గడియారాల మధ్య 5 నిమిషాలు మించి తేడా ఉంటే, మామూలు సెట్టింగులో, లాగిన్‌ను సరిచూసే కెర్బరోస్ ఒప్పుకోదు. టైమ్ సరిగ్గానే ఉంటే, లేపిన వరుస తప్పి ఉండొచ్చు: స్టోరేజ్, డొమైన్ కంట్రోలర్ (ఆ ఖాతాలను నడిపే సర్వర్), డీఎన్ఎస్ (పేరును బట్టి మెషీన్ అడ్రస్ చెప్పేది), డేటాబేస్, ఆ తర్వాతే అప్లికేషన్.

సమస్య: డేటాబేస్ "కరప్ట్" అంటోంది.
నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను మామూలుగా కాపీ చేసి ఉంటారు. డంప్ (డేటాబేస్ తన డేటాను తానే ఫైలుగా రాసి ఇచ్చే కాపీ) తీయండి, లేదా డేటాబేస్‌ను గుర్తించే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడండి.

సమస్య: రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) బ్యాకప్‌నూ లాక్ చేసింది.
బ్యాకప్ డ్రైవ్ ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండి ఉంటుంది, లేదా నాస్‌కూ డొమైన్ అడ్మిన్ (ఆఫీసు మెషీన్లన్నింటి మీదా అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డే ఉండి ఉంటుంది. నాస్‌కు వేరే ఖాతా పెట్టండి. రెండు హార్డ్ డిస్కులు వారం వారం మార్చి, ఒకటి ఊడదీసి బీరువాలో ఉంచండి. రికవరీ ప్లాన్, వెండర్ల ఫోన్ నంబర్లు కూడా ప్రింటు తీసి అక్కడే పెట్టండి. చాలాచోట్ల ఆ ఫైలు కూడా లాకైన సర్వర్‌లోనే ఉంటుంది.