రెజ్యూమె అవతలివాళ్ల దగ్గర చెదిరిపోతోందా? ఫాంట్లు, ఫార్మాటింగ్: సమస్యలు, పరిష్కారాలు

రెజ్యూమెను మనం ఒక కంప్యూటర్‌లో తయారుచేస్తాం, చదివేది మాత్రం ఇంకెక్కడో. హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్‌లో వాట్సాప్ నుంచే తెరుస్తారు. కన్సల్టెన్సీలో పాత వర్డ్ ఉంటుంది. జాబ్ పోర్టల్ అయితే పేజీ అందాన్ని చూడనే చూడదు, అక్షరాలను లాక్కుని తన గడుల్లో నింపుకుంటుంది. ఈ మూడు చోట్లా చెక్కుచెదరకుండా నిలిచే ఫాంటే రెజ్యూమెకు మంచి ఫాంటు.

కింద చెప్పే ఇబ్బందుల్లో సగం ఒక్క పరీక్షతో బయటపడతాయి. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్-ఏ, కంట్రోల్-సీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పోర్టల్‌కు మీ రెజ్యూమె ఇంచుమించు అలాగే కనిపిస్తుంది.

నా దగ్గర ఒక పేజీ, వాళ్ల దగ్గర రెండు పేజీలు

కారణం: వర్డ్ ఫైల్ మామూలుగా ఫాంటును వెంట తీసుకెళ్లదు, దాని పేరును మాత్రమే తీసుకెళ్తుంది. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వర్డ్ మరొకదాన్ని పెట్టేస్తుంది. దాని అక్షరాలు కాస్త వెడల్పుగా ఉంటే చాలు, లైన్లు జారి చివరి రెండు మాటలు కొత్త పేజీలో పడతాయి. ఈ మధ్య ఇది ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. 2007 నుంచి వర్డ్‌లో డిఫాల్ట్ ఫాంటు కాలిబ్రి. 2023లో మైక్రోసాఫ్ట్ దాని స్థానంలో ఆప్టోస్ తెచ్చింది. కొత్త వర్డ్‌లో ఏమీ మార్చకుండా టైప్ చేస్తే వచ్చేది ఆప్టోసే, పాత ఆఫీస్ 2016లో అది ఉండదు.

పరిష్కారం: పీడీఎఫ్‌గా పంపండి, ఫాంటు అందులోనే ఉంటుంది. కన్సల్టెన్సీలు వర్డ్ ఫైలే కావాలంటాయి, తమ లోగో పెట్టి క్లయింటుకు పంపుకోవాలి కదా. అలాంటప్పుడు కాలిబ్రి, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లలో ఒకటి వాడండి. ఈ మూడింటికీ అదే వెడల్పుతో తయారైన ఉచిత ఫాంట్లు ఉన్నాయి: కార్లిటో, లిబరేషన్ శాన్స్, లిబరేషన్ సెరిఫ్. అందుకే వర్డ్ బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రె ఆఫీస్‌లో తెరిచినా లైన్లు దాదాపు జరగవు. ఏదేమైనా పేజీ అడుగున రెండు మూడు లైన్ల ఖాళీ ఉంచండి.

బుల్లెట్లు వింత అక్షరాలైపోయాయి

మన ఫ్రెషర్ల రెజ్యూమెల్లో బాణం బుల్లెట్లు, టిక్ మార్కులు కనిపించని పేజీ ఉండదు. నోట్‌ప్యాడ్‌లో పడేసరికి బాణం కాస్తా అడ్డగీత కొట్టిన సున్నా అవుతుంది, టిక్ మార్కేమో నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లిష్ యూ అవుతుంది. ఆ బొమ్మలు వింగ్‌డింగ్స్ అనే ఫాంటువి. ఆ ఫాంటులో మామూలు అక్షరాల స్థానాల్లో బొమ్మలుంటాయి. ఫాంటు పోతే అసలు అక్షరం బయటపడుతుంది.

మామూలు గుండ్రటి చుక్క వాడండి. ఫోన్, మెయిల్ బొమ్మలదీ ఇదే తంతు. వాటి బదులు ఫోన్, ఈమెయిల్ అని మాటల్లోనే రాయండి.

పేస్ట్ చేస్తే పదాల మధ్యలో అక్షరాలు మాయం

ఇది కంటికి కనిపించదు, అందుకే ఎక్కువ దెబ్బతీస్తుంది. పేజీ మీద ‘ఆటోమేషన్’ ఇంగ్లిష్‌లో శుభ్రంగా ఉంటుంది. కాపీ చేస్తే టీ, ఐ ఉండాల్సిన చోట ఖాళీయో, ఏదో అంకెయో వస్తుంది. కాలిబ్రి లాంటి ఫాంట్లలో ఈ రెండు అక్షరాలు కలిసిపోయిన ఒకే రూపం ఉంటుంది, దాన్ని లిగేచర్ అంటారు. కొన్ని పీడీఎఫ్‌లు, ముఖ్యంగా మ్యాక్‌లో ప్రింట్ నుంచి సేవ్ చేసినవి, ఆ రూపం వెనక ఉన్న అక్షరాలేవో సరిగా రాసుకోవు. ఎడ్యుకేషన్, సర్టిఫికేషన్, కమ్యూనికేషన్ అన్నింట్లోనూ ఆ జంట ఉంది! రిక్రూటర్ ‘ఆటోమేషన్’ అని వెతికితే మీ రెజ్యూమె రాదు.

వర్డ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి, ఫాంట్ బాక్సులో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, లిగేచర్స్ దగ్గర ‘నన్’ పెట్టండి. అయినా పోకపోతే ఏరియల్‌కు మారిపోండి.

పోర్టల్ నా పేరు, ఫోన్ నంబరు పట్టుకోలేదు

నంబరు హెడర్‌లో (పేజీ పైఅంచున ఉండే విడి భాగంలో) రాశారేమో చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు హెడర్‌ను, టెక్స్ట్ బాక్సులను వదిలేస్తాయి. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే ఎడమవైపు స్కిల్, కుడివైపు కంపెనీ కలిపి ఒకే లైనుగా చదివేసే ప్రమాదం ఉంది. అన్నీ ఇలా తడబడవు, కానీ అవతల ఏది ఉందో మనకు తెలియదు కాబట్టి పోర్టల్‌లో పెట్టేదానికి ఒకే కాలమ్ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. నోట్‌ప్యాడ్‌లో అసలు ఏమీ పేస్ట్ కాకపోతే మీ పీడీఎఫ్ మొత్తం ఒక ఫొటో అన్నమాట. ఆన్‌లైన్ డిజైన్ సైటు కాన్వాలో చేసుంటే, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘ఫ్లాటెన్ పీడీఎఫ్’ టిక్ తీసేయండి.

తేదీలు ఒక వరుసలో నిలబడటం లేదు

స్పేస్ బార్ కొట్టి కుడివైపుకు నెట్టారు. ఫాంటు మారగానే ఆ స్పేసుల వెడల్పూ మారుతుంది. పేరాగ్రాఫ్ బాక్సులో ట్యాబ్స్ తెరిచి 15.9 సెంటీమీటర్ల దగ్గర ‘రైట్’ ట్యాబ్ పెట్టండి (ఏ4 పేజీకి 2.54 మార్జిన్లుంటే కుడి అంచు అక్కడే). కంపెనీ పేరు తర్వాత ఒక్కసారి ట్యాబ్ కొడితే తేదీ అంచుకు వెళ్లి ఆనుకుంటుంది.

పేజీ సరిపోక సైజు 9కి దించాను

దించకండి. ఫోన్‌లో చదవలేరు. బాడీ 10.5 లేదా 11, హెడింగ్‌లు 12 లేదా 13, పేరు 16 నుంచి 18 చాలు. టైమ్స్ న్యూ రోమన్ ఒకే సైజులో ఏరియల్ కంటే చిన్నగా కనిపిస్తుంది, కాబట్టి దానికి 11.5 పెట్టుకోవచ్చు. చోటు కావాలంటే తండ్రి పేరు, మ్యారిటల్ స్టేటస్, చివరి డిక్లరేషన్ తీసేయండి, ప్రైవేటు ఉద్యోగాలకు అవి అడగరు.

అమెరికాలో ప్రింట్ తీస్తే అడుగు భాగం తెగింది

ఎమ్మెస్‌కు వెళ్లినవాళ్లు ఇక్కడి ఏ4 ఫైలునే అక్కడా వాడుతుంటారు. అక్కడి లెటర్ కాగితం ఏ4 కంటే 18 మిల్లీమీటర్లు పొట్టి, 6 మిల్లీమీటర్లు వెడల్పు. లేఅవుట్‌లో సైజు లెటర్‌కు మార్చి, ఏం జారిందో సర్దుకోండి. ఫొటో, పుట్టిన తేదీ కూడా తీసేయండి.

తెలుగు రెజ్యూమె: అవతల తెరిస్తే అర్థంకాని ఇంగ్లిష్

పత్రికలకు, అనువాదం పనులకు, డీటీపీ ఉద్యోగాలకు తెలుగులో పంపేవాళ్ల బాధ ఇది. డీటీపీలో వాడే పాత తరహా అను ఫాంట్లలో టైప్ చేస్తే ఫైల్లో నిజంగా ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాలే. ఆ ఫాంటు లేనివాళ్లకు అవే కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లు, ఫోన్లు తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి) మార్చుకుని నోటో శాన్స్ తెలుగు, నిర్మలా యూఐ లాంటివి వాడండి. మండలి కూడా అందంగా ఉంటుంది, కానీ దానికి బోల్డ్ లేదు. వర్డ్ బలవంతంగా లావు చేస్తే గుడుల్లోని ఖాళీ పూడిపోతుంది, హెడింగ్‌లకు సైజు పెంచి సరిపెట్టుకోండి.

వత్తులు కింద తెగిపోతుంటే లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’లో ఉందన్నమాట. దాన్ని ‘మల్టిపుల్’ చేసి 1.2 పెట్టండి. ఒక తేడా గుర్తుంచుకోండి: తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే యూనికోడ్ అయినా అక్షరాలు తారుమారు కావచ్చు, కాబట్టి నోట్‌ప్యాడ్ పరీక్ష ఇక్కడ నమ్మకం కాదు. పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలూ జత చేయండి. పంపే ముందు పీడీఎఫ్‌ను ఫోన్‌లో తెరిచి లక్ష్మి, శాస్త్రి, కృష్ణ లాంటి పేర్లలో వత్తులు విడిపోయాయేమో పెద్దది చేసి చూడండి.