రంభలో, తంపరాలో టూరిస్టు బోటు వేసుకునేవాళ్లకి: కాగితాలు ఏ వరుసలో తెచ్చుకోవాలి

ఒడిశాలో మన గంజాం జిల్లా వైపు, అంటే చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభలోనో, తంపరా సరస్సులోనో ఎవరైనా మోటారు బోటు వేసుకుందామనుకుంటే ముందు బోటు బేరం చేస్తారు, అడ్వాన్సు ఇచ్చేస్తారు, రంగులు వేయించి పేరు కూడా రాయించేస్తారు, అప్పుడు అడుగుతారు రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించాలని. దయచేసి ఈ వరుస తిరగేయండి. ఇంజన్ ఉన్న బోటు కొత్తగా కట్టాలన్నా, ఉన్నదాన్ని భద్రత మీద ప్రభావం పడేలా మార్చాలన్నా, అంటే పైన డెక్కు వేయడం, పెద్ద ఇంజన్ బిగించడం లాంటివి, ముందుగా అనుమతి తీసుకోవాలి. 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం చెప్పేది అదే. అంతకుముందు ఉన్నది 1917 నాటి చట్టం, దాన్ని తీసేసి ఇది తెచ్చారు. నది, కాలువ, సరస్సు, డ్యామ్ నీళ్లు అన్నీ దీని కిందికే వస్తాయి.

ఒడిశాలో ఈ పని చూసేది వాణిజ్య, రవాణా శాఖ కింద ఉండే పోర్టులు, ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ డైరెక్టరేట్. కారుకి, బైకుకి వెళ్లే ఆర్టీవో ఆఫీసు దీనికి పనికిరాదు, చాలామంది అక్కడికే వెళ్లి ఒక పూట పోగొట్టుకుంటారు. తెడ్డుతో నడిపే నాటు పడవైతే దారి వేరే, దాన్ని స్థానిక సంస్థ దగ్గర నమోదు చేయించాలి, ముందు మీ బ్లాకు ఆఫీసులో అడగండి. ఇంకో మాట, చేపల వేటకి చేయించుకున్న రిజిస్ట్రేషన్ చూపించి టూరిస్టుల్ని ఎక్కించుకోవడం కుదరదు. నోలియా కుటుంబాల్లో, అంటే ఇక్కడి తీరంలో చేపలు పట్టే మన తెలుగువాళ్లలో, చాలామందికి ఉన్నది ఆ కాగితమే. సీజన్‌లో పడవ ఖాళీగా ఉంది కదా అని నలుగురిని తిప్పుతారు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది పడవ ఏ పనికి రిజిస్టరైందనే.

అసలు విషయం సర్వే. సర్వే సర్టిఫికెట్ లేకపోతే రిజిస్ట్రేషన్ దరఖాస్తు ముందుకి కదలదు. సర్వేయరు వచ్చి బోటు బాడీ, ఇంజన్, లైఫ్ జాకెట్లు, నిప్పు ఆర్పే సిలిండరు, అన్నీ చూస్తారు. ఎంతమందిని ఎక్కించుకోవచ్చో ఆ పత్రంలోనే ఉంటుంది. మా బావ బోటుకి సర్వే జరిగిన రోజు నేనూ రేవులోనే ఉన్నాను. ఆయన లైఫ్ జాకెట్లన్నీ కొత్తవే కొన్నాడు, కానీ పాడవకుండా ఉండాలని పాలిథిన్ కవర్లు తీయకుండానే మూట కట్టి, నైలాను తాడుతో నాలుగు ముళ్లు వేసి ముందు బల్ల కింద దోపాడు. సర్వేయరుగారు ఏమీ అనకుండా ఒకటి తీసి ఇవ్వమన్నారు. తాడు తడిసి బిగుసుకుపోయింది, బావ పళ్లతో లాగినా రాలేదు, చివరికి కత్తి తెచ్చి కోశాం. అప్పుడాయన వాచీ చూపించారు, అంతే. ఆ సాయంత్రమే ప్రతి సీటు వెనక ఒక్కొక్క కొక్కెం కొట్టించాం. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి 50 మందికి పైగా పోయారు, 2024 ఏప్రిల్‌లో మన ఒడిశాలోనే ఝార్సుగూడ దగ్గర మహానదిలో పడవ తిరగబడింది. లైఫ్ జాకెట్ చేతికి అందే చోట ఉండాలన్నది కాగితం కోసం పెట్టిన షరతు అనుకోకండి.

ఇప్పుడు కాగితాలు. ఆధారు, అడ్రసు రుజువు, బోటు కట్టినవాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్, కొలతలతో డ్రాయింగు, ఇంజన్ బిల్లు, ఫొటోలు, ఇన్సూరెన్సు ఇవన్నీ సిద్ధంగా పెట్టుకోండి. ఆఫీసు ఇంకేమైనా అడిగితే దాన్ని రాతపూర్వకంగా ఇమ్మనండి. మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. మనకి ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఒడియా ఆఫీసుల్లో ఇంటిపేరు చివర, పూర్తిగా ఉండాలంటారు. ఆధారులో ఒకలా, బ్యాంకులో ఇంకోలా, పొలం పట్టాలో ఒడియా స్పెల్లింగుతో మూడోలా ఉంటే ముగ్గురు మనుషులనుకుంటారు. బోటు బిల్లు రాయించేటప్పుడే ఆధారులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయించండి. అప్పటికే తేడా పడిపోతే నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి దరఖాస్తుతోనే పెట్టేయండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

ఇంజన్ నంబరు కూడా అంతే. మాకు ఇంజన్ అమ్మిన షాపువాళ్లు బిల్లులో ఒక అంకె తప్పు వేశారు, మేము చూసుకోలేదు, ఫైలు వెనక్కి వచ్చింది. మళ్లీ బిల్లు మార్చి ఇవ్వడానికి ఆ షాపువాళ్లు మమ్మల్ని వారాలకొద్దీ తిప్పారు. బిల్లు చేతికి ఇవ్వగానే ఇంజన్ మీది ప్లేటు ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చదువుకోండి, రెండు నిమిషాల పని.

సర్వే అయ్యాక రిజిస్ట్రారుకి దరఖాస్తు పెట్టాలి. సర్టిఫికెట్ వస్తే అది దేశమంతా చెల్లుతుంది, నంబరు బోటు మీద స్పష్టంగా కనిపించేలా రాయించాలి. ఎంతమంది ఎక్కొచ్చో కూడా ఒడియాలో, తెలుగులో పెద్దగా రాయించండని నా సలహా, ఎందుకంటే శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చే కుటుంబాలు అది చదివి వాళ్లే ఇద్దరిని దింపేస్తాయి, మీరు గొడవ పడక్కర్లేదు. నడిపేవాళ్లకి, సరంగుకైనా (బోటు నడిపించే పెద్ద) ఇంజన్ డ్రైవరుకైనా, అర్హత సర్టిఫికెట్ వేరుగా ఉండాలి. బోటు అమ్మినా, కొన్నా, మార్చినా ఆఫీసుకి తెలపాలి.

రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన ఎక్కడైనా తిప్పొచ్చని కాదు. జెట్టీ ఎవరిదైతే వాళ్ల అనుమతి, బోటు సంఘంలో వంతు, ఇవి విడిగా చూసుకోవాలి. చిలికాలో నలబణ దీవి 1987 నుంచి పక్షుల అభయారణ్యం, అక్కడ అటవీశాఖ చెప్పిందే మాట. డాల్ఫిన్ల వెనక ఇంజన్ జోరుగా తోలుకుంటూ వెళ్లడం మాత్రం ఏ కాగితం ఉన్నా చేయొద్దు. ఇరావడీ డాల్ఫిన్ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది.

దరఖాస్తు ఇచ్చినప్పుడు తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. ఎన్నాళ్లకీ కదలకపోతే గొడవలకి వెళ్లకుండా సమాచార హక్కు చట్టం కింద ఆర్టీఐ దరఖాస్తు వేయండి. ఫారం ఏ నింపి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, నా ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గర ఉందని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక ఎప్పుడు మొదలెట్టాలన్నది. సర్వేకి అడుగు భాగం చూపించాలంటే బోటు నీళ్లలోంచి ఒడ్డుకి లాగాలి. పక్షులూ టూరిస్టులూ వచ్చేది చలికాలంలో, ఆ నెలల్లో బోటు ఒడ్డున కూర్చుంటే సంపాదన పోతుంది. సర్వే సర్టిఫికెట్ మీద గడువు తేదీ చూసుకుని, వానాకాలంలో జనం లేనప్పుడే రెన్యువల్‌కి పెట్టేయండి.