కుక్కలు కరుచుకున్నాక పక్కింటివాళ్లతో గొడవ ఎలా తేల్చుకోవాలి?

నెల్లూరు వేదాయపాళెంలో మా వీధిలో సగం ఇళ్లలో కుక్కలున్నాయి. నేను ఇరవై ఏళ్లుగా పెంచుతున్నాను. కుక్కలు కరుచుకున్న గొడవలు మా ఇంటివే నాలుగు అయ్యాయి, నన్ను మధ్యలో కూర్చోబెట్టినవి ఇంకో పది దాకా ఉంటాయి. ఒక్క కుక్కకీ గాయం మానకుండా పోలేదు. ఇళ్ల మధ్య మాటలు మాత్రం కొన్నిచోట్ల మూడేళ్లయినా కలవలేదు. పిల్లలు ఒకే ఆటోలో స్కూలుకు వెళ్తారు, పెద్దవాళ్లు ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. అలా చెడిన ప్రతిచోటా మొదటి రోజు సాయంత్రమే తప్పు జరిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంట్లో ఉండాల్సినవి

దళసరి దుప్పటి, బకెట్, ఒంటి సబ్బు, కుక్క టీకా కార్డు, ఒక నోటుబుక్. ఇవి చాలు.

1. విడదీయండి

చెయ్యి మధ్యలో పెట్టొద్దు, మెడ బెల్టు పట్టుకుని లాగొద్దు. బకెట్‌తో నీళ్లు ముఖాల మీద కొట్టండి, లేదా దుప్పటి కప్పెయ్యండి. ఇద్దరుంటే చెరో కుక్క వెనక కాళ్లు పట్టుకుని ఒకేసారి వెనక్కి నడవండి. పన్ను దిగబడి ఉంటే మాత్రం లాగితే కండ ఊడొస్తుంది, పట్టు వదిలేదాకా ఆగాలి. కర్ర తీయొద్దు. ఎదుటివాళ్ల కుక్క మీద మీరు వేసిన ఒక్క కర్ర దెబ్బ చాలు, ఆ ఇంటివాళ్లు కుక్క కాటు మర్చిపోయి ఆ దెబ్బనే చెప్పుకుంటారు.

2. మనుషుల్ని, తర్వాత కుక్కల్ని చూడండి

విడదీసేటప్పుడు ఎవరికైనా గీరుకున్నా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రేబీస్ టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు (0 అంటే మొదటి టీకా వేసిన రోజు). కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమంటారు కదా అని ఆ పది రోజులు టీకా ఆపుకుని కూర్చోకూడదు. రేబీస్ లక్షణాలు కనిపించాక ఇక మందు పనిచేయదు.

కుక్కను డాక్టరుకు చూపించాలి. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. టీకా కార్డు తీసుకెళ్లండి. పాత టీకా ఉన్నా, కరుచుకున్నాక మళ్లీ వేయాలా అన్నది డాక్టరునే అడగండి. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకు వేయకండి, అవి దానికి విషం.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. కుక్క కోరపన్ను పైన చిన్న చుక్కంత కన్నమే పెడుతుంది. లోపల చర్మం కిందంతా చీల్చేస్తుంది. పెద్ద కుక్క చిన్నదాన్ని నోట పట్టి విదిలిస్తే పైకి రెండు చుక్కలే కనిపిస్తాయి, లోపల పక్కటెముకల దాకా దెబ్బ ఉంటుంది. మొదటి రోజు ఏమీ లేదనిపించిన చోట మూడో రోజుకు వాచి చీము పడుతుంది. డబ్బు దగ్గర గొడవ పుట్టేది ఈ మూడో రోజు వల్లే. అది కింద చెప్తాను.

3. అదే రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. అందరూ పాడుచేసేది కూడా దీన్నే.

అదే రోజు వెళ్లాలి. ఒక రాత్రి గడిస్తే రెండు ఇళ్లలోనూ కథ పెరుగుతుంది. చీకటి పడకముందు, ఆరు ఆరున్నర మధ్య వెళ్లండి. వేరే వేళ వద్దు. మధ్యాహ్నం మన ఎండకి అందరి తలా వేడెక్కి ఉంటుంది, రాత్రి భోజనాల వేళ వెళ్తే వాళ్లకు చిరాకు. ఒక్కరే వెళ్లండి, లేదా ఇంట్లో ఆడమనిషిని ఒకరిని తోడు తీసుకెళ్లండి. నలుగురు మగవాళ్లు కలిసి గేటు దగ్గర నిలబడితే మీరు ఎంత మెత్తగా మాట్లాడినా అది మీదికి వచ్చినట్టే ఉంటుంది. మీ కుక్కను వెంట తీసుకెళ్లకండి. మలై కాజా డబ్బా పట్టుకెళ్లకండి. దెబ్బ తిన్న ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లడం నాకు ఎప్పుడూ నచ్చదు, వాళ్లకూ నచ్చదు.

గేటు బయటే నిలబడండి. వాళ్లు రమ్మంటేనే లోపలికి వెళ్లాలి. మొదటి మాట వాళ్ల కుక్క గురించే ఉండాలి. మీ కుక్క గురించి వాళ్లు అడిగేదాకా చెప్పకండి.

మా కుక్క నల్లోడు ఎదురింటి పామరేనియన్‌ను పట్టినప్పుడు నేను నేర్చుకున్నది ఇది. సాయంత్రం వెళ్లేసరికి ఆ వదిన మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో పాత తువ్వాలు, దాంట్లో కుక్క. మెడ దగ్గర తెల్ల బొచ్చు రక్తానికి అంటుకుపోయి పుల్లల్లా గట్టిపడి ఉంది. ఆమె దువ్వెన పళ్లతో ఒక్కో పాయా విడదీస్తోంది. నన్ను చూసి కూడా తల ఎత్తలేదు. నా దగ్గర చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. పాల అబ్బాయి గడియ వేయకుండా పోయాడు, వాళ్ల కుక్క రోజూ మా గేటు దగ్గరికొచ్చి మొరుగుతుంది, ఇంకా ఎన్నో. అవేవీ అనలేదు. "వదినా, ఏమైనా తినిందా?" అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత "పొద్దుటినించి నీళ్లు గూడా ముట్టలా" అంది. అప్పుడు నేను "మా గేటు గడియ పడలేదు వదినా, తప్పు మాదే. డాక్టరు దగ్గరికి నేనూ వస్తా, పదండి" అన్నాను. ఆమె కుక్కను తువ్వాలుతో సహా నా చేతికి ఇచ్చి చెప్పులు వేసుకుంది.

దీన్నుంచి పట్టుకోవాల్సింది గడియ మాట. ఏ కుక్క మొదలెట్టింది అనే ప్రశ్న ఆ రోజు ఎత్తనే ఎత్తొద్దు. దానికి సాక్ష్యం ఎంతున్నా తేలదు. పైగా వాళ్ల కుక్కను అంటే ఇంట్లో బిడ్డను అన్నట్టు పడుతుంది. ఏ గేటు తెరిచి ఉంది, ఎవరి చేతిలో గొలుసు లేదు అన్నది మాత్రం అడగొచ్చు. అది ఇనుప గడియ గురించిన మాట. మనిషి దాన్ని ఒప్పుకోగలడు. మీ గేటు తెరిచి ఉంటే ముందే మీరే చెప్పేయండి. వాళ్ల గేటు తెరిచి ఉంటే ఆ రోజు అనకండి, వాళ్లకూ తెలుసు. రెండు మూడు రోజుల్లో వాళ్ల నోటి నుంచే వస్తుంది.

సీసీ కెమెరా వీడియో ఉంటే దాచుకోండి, ఆ రోజు చూపించొద్దు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. అక్కడ పెట్టాక మీ ఇద్దరి మధ్య ఉన్నది నలభై మందిది అవుతుంది, అందరి ముందు మాట అన్నవాళ్లెవరూ వెనక్కి తీసుకోలేరు. "మీ కుక్కను కట్టెయ్యండి" అని ఎవరో పెడతారు, "ముందు మీరు మీ పిల్లల్ని కట్టెయ్యండి" అని జవాబొస్తుంది. నేను కళ్లారా చూశాను.

వాళ్లు అరిస్తే అరవనివ్వండి. మధ్యలో "అది కాదన్నా" అనకండి. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు "మళ్లీ రేపు పొద్దున వచ్చి చూసిపోతా అన్నా" అని చెప్పి వచ్చేయండి. రేపు పొద్దున నిజంగా వెళ్లండి. వెళ్లకపోతే ఈ పనంతా మొదటికి వస్తుంది.

కొంతమంది ముందే పెద్దమనిషిని పిలుస్తారు. నేను ఒప్పుకోను. పెద్దమనిషి వచ్చాడంటే ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. ఇంకొందరు నేరుగా స్టేషన్‌కు పోతారు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అది చదివి పరిగెత్తుతారు. కానీ ఆ సెక్షన్ చెప్పేది మనిషి ప్రాణానికో, మనిషికి తగిలే పెద్ద గాయానికో దారితీసే నిర్లక్ష్యం గురించి. రెండు కుక్కలు కరుచుకున్నాయని ఫిర్యాదు ఇస్తే మీకు మిగిలేది టెన్షన్. మనిషిని కరిస్తే, లేదా అదే కుక్కను పదేపదే వదిలేస్తుంటే అప్పుడు వేరే సంగతి.

కోపంలో అన్నంలో మందు కలిపి పెట్టేవాళ్లూ ఉన్నారు. జంతువును చంపినా, విషం పెట్టినా 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇంట్లో ఎవరైనా కోపంలో ఆ మాట అంటే అక్కడే ఆపండి.

4. డబ్బు లెక్క తేల్చుకోండి, కానీ మొదటి రోజు కాదు

గేటు ఎవరిది తెరిచి ఉందో వాళ్లు మొదటి బిల్లు అక్కడికక్కడే కట్టాలి. ఇద్దరి కుక్కలూ వీధిలోనే ఉంటే చెరి సగం. ఇది నా పద్ధతి, మా వీధిలో ఇప్పుడు అందరూ ఇదే పాటిస్తారు. మిగతా లెక్క కుట్లు విప్పే రోజున చూసుకోవాలి. అది పది నుంచి పద్నాలుగు రోజుల్లో వస్తుంది.

మొదటి రోజే "ఇదిగో రెండు వేలు, ఇక సరి" అని చేతులు దులుపుకున్నవాళ్లందరికీ మూడో రోజు చీము పడ్డాక గొడవైంది. దెబ్బ తిన్నవాళ్లు మళ్లీ అడగాల్సి వస్తుంది, ఇచ్చినవాళ్లు "కావాలని పెంచుతున్నారు" అనుకుంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, గాయం లోపల ఉంది అంతే. అందుకే మొదటి రోజే చెప్పేయండి: "మూడో రోజు వాపు రావచ్చు అన్నా, చీటీలన్నీ దాచిపెట్టండి, కుట్లు విప్పినాక లెక్క చూసుకుందాం."

చీటీలు, మందుల బిల్లులు నోటుబుక్‌లో అంటించి తేదీలు వేయండి. డబ్బు ఇచ్చినప్పుడు ఫోన్‌పేలో "కుక్క వైద్యం" అని రాసి పంపండి. చేతికిచ్చిన డబ్బు ఆరు నెలలకు ఇద్దరి లెక్కలో రెండు రకాలుగా ఉంటుంది.

5. ఎంతకీ ఒప్పుకోకపోతే

లోక్ అదాలత్‌కు వెళ్లండి. నెల్లూరులో, ఒంగోలులో కోర్టు ఆవరణలోనే దాన్ని నడిపే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. కేసు వేయకముందే అర్జీ ఇవ్వొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మీ నోటుబుక్, టీకా కార్డు అక్కడ పనికొస్తాయి.

6. మళ్లీ జరగకుండా

మా గేటుకు ఇప్పుడు దానంతట అదే పడే గడియ ఉంది, కింద సందుకు జాలీ కొట్టించాం. వాకింగ్ వేళలు ఎదురింటివాళ్లతో పంచుకున్నాం. రోహిణి కార్తెలో తారు రోడ్డు కాలుతుంది కాబట్టి అందరూ పొద్దున ఆరు లోపలే కుక్కల్ని తీస్తారు, ఒకే మూల మీద ఎదురుపడతాయి. మేము ఐదుకి, వాళ్లు ఐదున్నరకి. చిత్త కార్తె రోజుల్లోనూ, వీధిలో ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడూ మగకుక్కను గొలుసు లేకుండా గేటు దాటించొద్దు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కలతో ఈ తిప్పలు బాగా తక్కువ.

కరుచుకున్న రెండిటినీ ఎదురెదురుగా పెట్టి "స్నేహం" చేయించాలని చూడొద్దు. కుట్లు విప్పి నెలయ్యాక, గొలుసులతో, ఒకే దిక్కుకు, రోడ్డుకు చెరో వైపున నడిపించండి. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడిస్తే ఆ రోజుకు చాలు. మా నల్లోడికి ఆ పామరేనియన్ పక్కన అలా నడవడానికి రెండు నెలలు పట్టింది. ఆ వదినా నేనూ మాత్రం మొదటి వారం నుంచే చెరో వైపున మాట్లాడుకుంటూ నడిచాం.